పడవను లాగు విద్యుత్తు వించ్ ఏల మందగించును?

శ్రీహరికోట యనగానే మనకు ఆకాశమున కెగయు రాకెట్లు జ్ఞప్తికి వచ్చును. కాని ఆ దీవికి తూర్పున బంగాళాఖాతమును, పడమట పులికాటు సరస్సును గలవు. మన దేశమందలి ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత పెద్దది పులికాటే. సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు త్రోవ ఈ సరస్సు మీదుగనే సాగుచున్నది. ఈ ప్రాంతపు జాలరి కుటుంబములకు పడవయే పొలము, పడవయే కాడి యెద్దు. పడవ చెడినచో ఆ యింట పొయ్యి రాజుకొనుట కష్టము.

పడవను నీటిలోనికి దింపుట సులభము. గట్టునకు చేర్చుట కష్టము. పలు తావులలో నేటికిని మనుష్యులు భుజబలముతోనో, ట్రాక్టరుతోనో పడవలను ఒడ్డునకు లాగుచుందురు. ట్రైలరు బండి గలవారు దాని ముందు భాగమున విద్యుత్తు వించ్ నొకదానిని బిగించుకొని, మీట నొక్కి పడవను బండి మీదికి లాగుకొందురు. ఈ సాధనము చక్కగా పని చేయునంతకాలము ఎవ్వరును దాని నెన్నరు. తుపాను హెచ్చరిక వచ్చిన దినమున అది నత్తవలె నడచినప్పుడు గదా దాని విలువ తెలియును! 1984 నవంబరులో శ్రీహరికోట సమీపముననే తీవ్రమైన తుపాను తీరము దాటినది. అట్టి వేళలలో ఒక్కొక్క పడవకు పట్టు కాలము రెట్టింపైనచో, వరుసలో కడపట నున్న పడవ గతి యేమగునో చెప్ప నక్కరలేదు.

వించ్ మందగింపగనే "మోటారు పోయినది, క్రొత్తది కొనవలె" నని తలచుట వాడుక. క్రొత్త మోటారు బిగించిన పిమ్మటను వేగము పెరుగకున్న, సొమ్మును పోయె, దోషమును నిలిచె. కావున ఈ పాఠమున మేము ముఖ్యముగా చెప్పదలచిన దొక్కటియే: యంత్రము ఊరకున్నప్పుడు గాక, బరువును లాగుచున్నప్పుడు కొలిచి చూచినగాని దోషము దొరకదు.

యంత్రము యొక్క నిర్మాణము

ఈ వించ్ సామాన్యముగా 12 వోల్టుల బ్యాటరీతో నడచును. బ్యాటరీ నుండి లావుపాటి తీగలు ఒక స్విచ్చి పెట్టెకును, అచ్చటి నుండి మోటారునకును పోవును. మోటారు వడిగా తిరుగును గాని దాని బలము చాలదు. పళ్ళ చక్రములు ఆ వేగమును తగ్గించి బలమును పెంచును. కడపటి చక్రము డ్రమ్మును త్రిప్పును. డ్రమ్మునకు మోకు చుట్టుకొనును. మోకు చివరనున్న కొక్కెము పడవను పట్టుకొని లాగును. పడవ వెనుకకు జారకుండ లోపల నొక బ్రేకు కూడ నుండును.

ఇందు రెండు మార్గములు గలవని విద్యార్థులు గమనింపవలెను. ఒకటి విద్యుత్తు మార్గము: బ్యాటరీ మొదలు మోటారు వరకు, మరల మోటారు నుండి బ్యాటరీ వరకు. రెండవది బలము యొక్క మార్గము: మోటారు మొదలు పడవ వరకు. వించ్ మందగించినచో దోషము ఈ రెంటిలో ఒకదానియందో, రెంటియందునో ఉండి తీరవలెను.

ఒక ఉపాధ్యాయుడు కనుగొన్న సూత్రము

విద్యుత్తు మార్గమును పరీక్షించుటకు మనకు ఆధారమైనది ఓము సూత్రము. జార్జి సైమన్ ఓము 1789లో జర్మనీ దేశమున ఎర్లాంగెను పట్టణమందు తాళములు చేయువాని యింట జన్మించెను. ఆయన కొలోను నగరమందలి జెస్యూటు పాఠశాలలో బోధించుచు, తీరిక వేళలందు పరిశోధనలు సలిపెను. ఆనాటి విద్యుద్ఘటములు పని చేయుచుండగనే బలహీనము లగుటచే కొలతలు నిలకడగ నుండెడివి కావు. అందుచే ఆయన రాగి, బిస్మతు అను లోహములను అతికి, ఒక అతుకును మరుగు నీటియందును, వేరొక దానిని మంచునందును ఉంచి, నిలకడయైన ప్రవాహమును సంపాదించెను. 1827లో తన సూత్రమును గ్రంథరూపమున ప్రకటించెను. మొదట దానిని మెచ్చినవారు కొందరే; 1841లో లండను రాయల్ సొసైటీవారు ఆయనకు కాప్లీ పతకము నిచ్చిరి.

సూత్రము సరళమైనది. మార్గమందలి నిరోధమును ఓములలోను, ప్రవాహమును ఆంపియర్లలోను కొలిచి, ఆ రెంటిని గుణించినచో ఆ మార్గమున ఖర్చగు వోల్టులు వచ్చును. ప్రవాహము స్వల్పమైనప్పుడు ఖర్చు స్వల్పము. ప్రవాహము అధికమైనప్పుడు స్వల్ప నిరోధము కూడ గొప్ప నష్టమును కలిగించును. వించ్ మోటారు పదుల కొలది ఆంపియర్లను త్రాగును. రహస్య మంతయు ఇందే యున్నది.

లెక్క వేసి చూతము

ఒక వించ్ పడవను లాగునప్పుడు 50 ఆంపియర్లు తీసికొనుచున్న దనుకొందము. బ్యాటరీ ఈ బరువు క్రింద 11.8 వోల్టుల నిచ్చుచున్నది. తీగ పోవుటకును వచ్చుటకును కలిపి 10 మీటర్లు.

తీగ రాగిదై, దాని అడ్డుకోత వైశాల్యము 16 చదరపు మిల్లీమీటర్లైనచో, నిరోధము 0.011 ఓము, నష్టము ఇంచుమించు అర వోల్టు. అదియే 6 చదరపు మిల్లీమీటర్ల దైనచో నష్టము 1.4 వోల్టులు. 2.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగయైనచో నష్టము 3.4 వోల్టులు! ఇంటి గోడలలో వాడు తీగ మిగిలినదని దానినే వించ్‌నకు తగిలించువారు ఈ లెక్కను గమనింతురు గాక.

ఇక అతుకుల సంగతి. ఉప్పు గాలి తగులు చోట రాగికి పచ్చని చిలుమును, ఇనుమునకు తుప్పును త్వరగా పట్టును. చిలుము పట్టిన ఒక అతుకు యొక్క నిరోధము 0.04 ఓము మాత్రమే యనుకొనుడు. 50 ఆంపియర్లకు అచ్చట 2 వోల్టులు పోవును. అంతియే కాదు, ఆ చిన్న అతుకునందు 100 వాట్ల వేడి పుట్టును. తీగ పై తొడుగు కరగుటకును, మంట పుట్టుటకును ఇట్టి అతుకులే మూలము.

ఇప్పుడు సన్నని తీగయు, చెడిన అతుకును ఒక్క ట్రైలరునందే యున్నచో, మోటారునకు చేరునది 11.8 నుండి 3.4, 2 తీసివేయగా 6.4 వోల్టులు. మోటారు తీగచుట్టల నిరోధము 0.04 ఓము అనుకొన్నచో వానియందు మరి 2 వోల్టులు పోవును. మిగిలిన 4.4 వోల్టులకు తగినట్లే మోటారు తిరుగును. లావు తీగయు, శుభ్రమైన అతుకులును ఉన్నప్పుడు ఈ మిగులు 9.2 వోల్టులు. కావున వేగము సగమునకు లోపలికి దిగినది. 5 నిమిషములలో గట్టెక్కవలసిన పడవకు 10 నిమిషములు దాటును.

ఇచ్చట నొక చిత్రము గలదు. శాశ్వతాయస్కాంతములు గల మోటారునందు లాగుడు బలము ప్రవాహమును బట్టియు, వేగము దానికి దక్కు వోల్టులను బట్టియు ఉండును. అందుచేతనే వోల్టులు తగ్గిన వించ్ పడవను లాగకపోదు. లాగును, కాని మెల్లగా లాగును. ఎంతసేపు లాగిన అంతసేపును అదే ప్రవాహమును త్రాగుటచే, బ్యాటరీ రెట్టింపు ఖర్చగును. ఈ లక్షణమును చూచి మోటారు ముసలిదైనదని యనుకొనుట పొరపాటు.

నిదానముగ నున్నప్పుడు కొలిచిన మోసమేల?

ఇట్టి సమయమున ఒకరు మల్టీమీటరు తెచ్చి, మీట నొక్కకయే మోటారు దగ్గర కొలిచి, "12.6 వోల్టులు నిండుగ నున్నవి, తీగలలో దోషము లేదు" అని చెప్పుదురు. మీటరు అబద్ధ మాడలేదు. అడిగిన ప్రశ్నయే సరి కాదు. ప్రవాహము లేనిదే నష్టము లేదు గదా! పూడిక పట్టిన కొళాయి గొట్టమును చూడుడు. కొళాయి మూసియున్నంతసేపు గొట్టము చివర నీటి ఒత్తిడి పూర్తిగ నుండును. త్రిప్పగనే ధార సన్నగిల్లును. గొట్టము గుణము కొళాయి తెరచినప్పుడే తెలియును. అట్లే అతుకు గుణము బరువు లాగునప్పుడే తెలియును.

పరీక్షా క్రమము

మొదట జాగ్రత్తలు. ట్రైలరు చక్రములకు ముందు వెనుకల అడ్డుకట్టెలు వేయవలెను. లాగుచున్న మోకునకు ఎదురుగ గాని, ప్రక్కన చేరువగ గాని ఎవ్వరును నిలువరాదు. తెగిన మోకు కొరడావలె కొట్టును. మోకు నడుమ తడి గోనెసంచి నొకటి వ్రేలాడవేసినచో తెగినప్పుడు దాని విసురు కొంత తగ్గును. తిరుగు డ్రమ్ము దగ్గరకు చేయి పోనీయరాదు. ఇనుప తీగ మోకును ఒట్టి చేతులతో పట్టరాదు. బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడు నవకాశము గలదు గాన నిప్పురవ్వ దగ్గర నుండకూడదు. చేతి ఉంగరములు తీసివేయవలెను. పిల్లలు పెద్దల యెదుటనే ఈ పరీక్షలు చూడవలెను గాని తామై చేయరాదు.

ఒకటవది, బరువు. 600 కిలోల పడవను, 6 మీటర్ల పొడవునకు 1 మీటరు ఎత్తు లేచు వాలున లాగుటకు వాలు నిమిత్తమే 100 కిలోల లాగుడు కావలెను. రోలర్లు చక్కగ తిరుగుచు, రాపిడి బరువులో పదియవ వంతుగ నున్నచో మరి 60. మొత్తము 160 కిలోలు. రోలర్లు తుప్పుతో బిగుసుకొని, పడవ అడుగు వాని మీద ఈడ్చుకొని వచ్చుచు, రాపిడి పదింట మూడు వంతులైనచో 180; మొత్తము 280 కిలోలు. ఇది ముప్పాతిక వంతు అధికము. 50 ఆంపియర్లు కావలసిన చోట ఇంచుమించు 87 కావలసి వచ్చును. తీగలలో నష్టమును ఆ ప్రకారమే పెరుగును. కావున రోలర్లను చేతితో త్రిప్పి చూడుడు. ట్రైలరును నీటిలోనికి మరికొంత దింపినచో పడవ కొంత తేలి బరువు తగ్గునేమో చూడుడు. డ్రమ్ము క్లచ్చిని విడిచి, మోకును చేతితో లాగినప్పుడు సుళువుగ వచ్చుచున్నదా? మోకు అడ్డదిడ్డముగ చుట్టుకొని యున్నదా? డ్రమ్ము మీద పొరలు పెరిగినకొలది మోటారు మీద భారము పెరుగు నని మరువరాదు.

రెండవది, బ్యాటరీ. కొన్ని గంటలు ఊరకుంచిన పిమ్మట 12.6 వోల్టులున్నచో నిండినది, 12.2 ఉన్నచో సుమారు సగము. హైడ్రోమీటరుతో చూచినచో నిండిన బ్యాటరీ ద్రవము యొక్క సాంద్రత 1.26 మొదలు 1.28 వరకు ఉండును. పిమ్మట వించ్‌తో పడవను లాగించుచు, బ్యాటరీ సీసపు కంబముల మీదనే కొలువుడు. 10.5 వోల్టులకు దిగిపోయినచో ముందు బ్యాటరీని నింపి, అప్పటికిని నిలువకున్న మార్చవలెను.

మూడవది, పోవు తీగ. మల్టీమీటరు యొక్క ఒక కొనను బ్యాటరీ ధనకంబము మీదను (బిగింపు మీద గాదు, కంబము మీదనే), రెండవ కొనను మోటారు ధన టెర్మినలు మీదను ఉంచి, ఒకరిచేత మీట నొక్కించి, పడవ లాగబడుచుండగ చదువుడు. మీటరు చూపునది ఆ మార్గమున నష్టమైన వోల్టులు. అర వోల్టునకు మించకున్న మంచిది. మించినచో కొనను ఒక్కొక్క అతుకు దాటించుచు రండి: కంబము నుండి బిగింపు, బిగింపు నుండి తీగ, తీగ నుండి స్విచ్చి పెట్టె, పెట్టెకు ఈ ప్రక్క నుండి ఆ ప్రక్క. ఏ అతుకు దాటగనే సంఖ్య హఠాత్తుగ తగ్గునో అదియే దొంగ. స్విచ్చి పెట్టెలోని స్పర్శ బిళ్ళలు కాలి గుంటలు పడుటయు కలదు.

నాలుగవది, తిరుగు మార్గము. పెక్కుమంది దీనిని మరతురు. ఋణ తీగకు బదులు ట్రైలరు చట్రమునే మార్గముగ వాడినచో, విద్యుత్తు బోల్టుల గుండ, రంగు గుండ, కొన్నిట లాగు బండికిని ట్రైలరునకును నడుమనున్న గుండు కొక్కెము గుండ పోవలసి వచ్చును. గ్రీజు, తుప్పు, రంగు ఇవి మూడును విద్యుత్తునకు ఆటంకములే. మోటారు ఋణ టెర్మినలు నుండి బ్యాటరీ ఋణకంబము వరకు పై విధముగనే కొలువుడు. దోషము కనబడినచో చట్రమును నమ్మక, ధన తీగతో సమానమైన లావు గల తీగను నేరుగ బ్యాటరీకి వేయుటయే ఉత్తమము.

ఐదవది, మోటారు. దీనికి ప్రవాహమును కొలుచు క్లాంపు మీటరు కావలెను. అది ఏకముఖ ప్రవాహమును కొలువగలదై యుండవలెను. ఇంటి విద్యుత్తును మాత్రమే కొలుచునవి ఇచ్చట పనికిరావు.

కొలతల నుండి మూడు నిర్ణయములు చేయవచ్చును. మోటారు వద్ద వోల్టులు తక్కువయైనచో దోషము బ్యాటరీలోనో, తీగలలోనో, అతుకులలోనో ఉన్నది. వోల్టులు సరిగ నుండి ప్రవాహము మితిమీరినచో బరువు, రోలర్లు, విడువని బ్రేకు, బిగిసిన గేర్లు, లేదా మోటారులోని చుట్టల దెబ్బ. వోల్టులును ప్రవాహమును రెండును సరిగ నుండియు వేగము తక్కువైనచో, అప్పుడు మోటారు లోపలి కార్బను బ్రష్షులు అరిగినవో, కమ్యుటేటరు మసి పట్టినదో చూడవలెను. మోటారును విప్పవలసిన సమయ మిది. దీనికి ముందు గాదు.

బాగుచేయుట

అతుకులు బాగుచేయునప్పుడు ముందు బ్యాటరీ ఋణ తీగను విప్పవలెను. బిగించునప్పుడు దానినే కడపట బిగింపవలెను. కంబముల మీది తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆ నీరు బ్యాటరీ లోనికి పోకుండ చూచి, మంచి నీటితో తుడువవలెను. లోహము మెరయువరకు గరుకు కాగితముతో రుద్ది, గట్టిగ బిగించి, పిమ్మట పైన వాసెలీను పూయవలెను. తీగలోపల కూడ చిలుము ప్రాకి రాగి నల్లబడినచో ఆ భాగమును కోసివేసి క్రొత్త తొడుగును బిగింపవలెను. ఫ్యూజు కాలిపోయినదని దానికి మారుగ లావు తీగ ముక్క పెట్టుట ప్రమాదకరము. ఉప్పునీట తడిసిన ట్రైలరును ఇంటికి చేరిన దినమే మంచి నీటితో కడిగినచో ఈ శ్రమలో సగము తప్పును.

చిన్న దోషము, పెద్ద ఫలము

చిన్న భాగము పెద్ద యంత్రమును నిలుపునని శ్రీహరికోట చరిత్రయే బోధించును. 1979 ఆగష్టు 10వ తేదీన అచ్చటి నుండి ఎగిరిన మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు, రెండవ అంతస్తును నడపు నియంత్రణ భాగములో ఒక కవాటము చెడుటచే, కక్ష్య చేరక బంగాళాఖాతమున పడెను. శాస్త్రజ్ఞులు రాకెట్టునంతటిని నిందింపక, దోషస్థలమును వెదకి కనుగొనిరి. 1980 జూలై 18వ తేదీన అదే తరగతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో చేర్చెను. కవాటమైనను, చిలుము పట్టిన అతుకైనను, వెదకు పద్ధతి యొక్కటియే.

తరగతిలో చేయదగిన ప్రయోగము

12 వోల్టుల బ్యాటరీ, 60 వాట్ల మోటారు బండి దీపము, 0.5 చదరపు మిల్లీమీటరు సన్నని రాగి తీగ పోను రాను 10 మీటర్లు తెచ్చుకొనుడు. దీపము తగిలింపకముందు తీగ చివర కొలిచినచో బ్యాటరీ వోల్టులు పూర్తిగ కనబడును. దీపము తగిలించి వెలిగించిన పిమ్మట అచ్చటనే కొలిచినచో సుమారు ఒకటిన్నర వోల్టు తక్కువ కనబడును, దీపమును మందగించును. తీగను లావుపాటి దానితో మార్చి మరల చూడుడు. ఓము మహాశయుని సూత్రము కన్నుల యెదుట నిలుచును.

ప్రశ్నలు

1. 0.03 ఓము నిరోధము గల అతుకు గుండ 40 ఆంపియర్లు పోవుచున్నవి. అచ్చట నష్టమగు వోల్టు లెన్ని? పుట్టు వేడి ఎన్ని వాట్లు?
2. మీట నొక్కనప్పుడు 12.6 వోల్టులు చూపిన తీగయే, నొక్కినప్పుడు 8 వోల్టులు చూపుట కేమి కారణము?
3. రోలర్లకు గ్రీజు పెట్టినచో తీగలలో వోల్టుల నష్టమును తగ్గు నని ఎట్లు చెప్పగలము?

విద్యార్థులారా, సెలవు దినములలో మీ యింటనో, మీ చుట్టముల యింటనో పడవ ట్రైలరున్నచో, ఈ పత్రికను తీసికొనిపోయి పెద్దలతో కూర్చుండి అతుకు లన్నిటిని ఒకసారి చూడుడు. తుపాను కాలము అక్టోబరుతో వచ్చును. ఆలోపల చేసిన గంటసేపు పని, ఆ దినమున ఒక పడవను గట్టెక్కించును.